కొండకి కట్టిన వించి

మల్కాపురంలో కరీం బాషా టీ కొట్టు దగ్గర తాతబాబు గొంతు సవరించుకుంటే, పనికి పోవాల్సినవాళ్లు కూడా ఇంకో టీ చెప్పేవాళ్లు. పోర్టులో చాలా ఏళ్లు చేసి వచ్చిన మనిషి. ఏం పని చేశావంటే మాత్రం రోజుకో పేరు చెప్పేవాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా.

ఆ రోజు వినేవాడు కన్నబాబు. సముద్రం మీద వేటే అతని బతుకు. స్టీల్ ప్లాంటు కట్టుబడి మొదలయ్యాక వాడలో మగాళ్లు చాలామంది అక్కడికే కూలికి పోయారు. పడవని ఇసక మీదికి లాగడానికి ఇరవైమంది కావాలి, మిగిలింది ఆరుగురు. అందుకని అన్నదమ్ములు ముగ్గురూ కలిసి పాత మిలిటరీ జీపు ఒకటి కొన్నారు. దాని ముందు తాడుని చుట్టుకుంటూ బరువు లాగే వించి బిగించి, ఇనప తాడుతో పడవని లాగించాలని వాళ్ల ఆలోచన. తుఫాను రోజులు దగ్గర పడుతున్నాయి. పని రానివాడి చేతిలో పెడితే జీపూ పోతుంది, పడవా పోతుంది. ఆ భయంతో కన్నబాబుకి రెండ్రోజులుగా అన్నం సయించడం లేదు.

బల్ల రెండో చివర మొహియుద్దీన్ కూర్చున్నాడు. ఆటోనగర్‌లో రిపేరు షెడ్డు ఉంది అతనికి. టీలో రొట్టె ముంచుకు తింటున్నాడు. తాతబాబు మాత్రం “నాను సూసుకుంటాను కదా” అంటూ జీపు తాళం అప్పుడే తీసుకుని, చూపుడువేలికి తగిలించి తిప్పుతున్నాడు.

“వించి బిగించడం ఏటి పెద్ద పనా అల్లుడూ? స్టీల్ ప్లాంటు సర్వే ఆఫీసర్ల జీపుకి బిగించింది నాను కాదేటి. బురదలో దిగబడిపోతందని ఏడుత్తంటే ఎల్లినాను. మూడు రకాలు సూపించారు. ఒకటి బ్యాటరీతో తిరిగీది, ఒకటి ఇంజనుతో తిరిగీది, ఇంకోటి సేత్తో తిప్పీది. పిల్లలాడుకునీవి తీసీండి అన్నాను. పాత ఓడలు ఇరగ్గొట్టీకాడికెల్లి, ఓడ మీద వించే ఊడదీసి తెచ్చీసినాను.”

“ఓడ వించిని జీపు మోత్తాదేటి మావా?” అన్నాడు కన్నబాబు.

“మొయ్యదు. ముందు బరువైపోయి ఎనక సక్రాలు గాల్లోకి లెగిసిపోయాయి. అప్పుడేటి సేసినానో తెలుసా? ఎనక సీట్లో కంట్రాక్టరునీ, ఆయన బావమరుదులు నలుగుర్నీ కూకోబెట్టినాను. సక్రాలు దిగాయి. ఆళ్లు దిగితే మళ్లీ లెగుత్తాయని మూడు నెల్లు జీపులోనే అన్నాలు తిన్నారు.”

“స్నానాలో భాయ్?” అన్నాడు కరీం బాషా టీ వడగడుతూ.

“వానాకాలం కదా,” అన్నాడు తాతబాబు తడుముకోకుండా. “మొదట లారీ లాగినాను. తరవాత రోడ్డు రోలరు. అది సూసి పోర్టోళ్లు పరిగెత్తుకొచ్చారు. ఓడొకటి ఇసకలో కూకుండిపోయింది, ఓడల్ని లాగే టగ్గు బోట్లు రెండు లాగినా కదల్లేదంట. సరేలే అని జీపు ఒడ్డున పెట్టి, తాడు తగిలించి వించి తిప్పినాను. ఆ తరవాత ఏటయిందో తెలుసా?”

“జీపే ఓడకాడికి ఎల్లిపోయుంటాది,” అన్నాడు కన్నబాబు. బరువైనది ఉన్నచోటే ఉంటుందని తాడు పట్టి బతికేవాడికి ఒకరు చెప్పక్కర్లేదు.

వేలి మీద తాళం ఒక్క క్షణం ఆగింది. మళ్లీ తిరిగింది.

“ఎల్లిపోదేటి మరి? నడుంలోతు నీల్లలోకి ఎల్లిపోయింది. నాను ఊరుకుంటానా? ఇంకో తాడు తెచ్చి జీపుని ఎనక నుంచి యారాడ కొండకి కట్టీసినాను. ఇటు ఓడ, అటు కొండ, మజ్జిన జీపు. మళ్లీ తిప్పినాను. ఓడ కదిలింది అల్లుడూ. దాంతోపాటు కొండా కదిలింది. సూడు, ఇప్పటికీ కొండ ముక్కు సముద్రంలోకి సాగి ఉంటాది. అంతకుముందు అలా ఉండీదనుకున్నావేటి?”

కొట్టంతా పడిపడి నవ్వింది. కన్నబాబూ నవ్వాడు గానీ, నవ్వు ఆగేసరికి భయం మళ్లీ వచ్చి కూర్చుంది.

“మావా, కొండకి కట్టింది ఇనప తాడేనా?”

“కాక కొబ్బరి తాడేటి? బొటనేలంత లావు.”

“ఏ ముడేసావు?”

వేటకి పోయేవాళ్లు మనిషిని ముడి చూసి లెక్కగడతారు. ఆ సంగతి తాతబాబుకి తెలుసు. అందుకే ఉబ్బిపోయాడు.

“ఒకటేటి, ఏడు ముళ్లేసినాను. మీ తాతొచ్చినా ఇప్పలేడు.”

కన్నబాబు లేచాడు. మర బోట్ల మీద ఇనప తాడు చూస్తూ పెరిగినవాడు. దాని కొసని మడిచి క్లిప్పులు బిగిస్తారు, కొక్కెం తగిలిస్తారు. ముడి ఎవడూ వెయ్యడు. వేస్తే బరువు పడగానే అక్కడే తెగుతుంది, తెగిన కొస ఎదురుగా ఉన్న మనిషిని కొట్టి చంపుతుంది. అతను తాతబాబు వేలి నుంచి తాళం తీసి మొహియుద్దీన్ ముందు పెట్టాడు.

మొహియుద్దీన్ చెయ్యి తుడుచుకున్నాడు. “పడవ బరువెంతుంటాది? ఇసక మీద ఎంత దూరం లాగాల?”

పొద్దుట్నించీ ఎవరూ అడగని మాట. కన్నబాబుకి ప్రాణం లేచొచ్చింది.

“నానూ అదే అడగబోతన్నాను,” అన్నాడు తాతబాబు.

“అవునులే మావా,” అన్నాడు కన్నబాబు, “కొండని కూడా దాని బరువెంతో అడిగే కట్టుంటావు.”