జెండా కాడ చెప్పులు

గోదావరిఖని శివారులో ఆఫీసర్ల గోల్ఫు మైదానం. పొద్దుటి నడకకు వచ్చిన రిటైరైన గని కార్మికుడితో, అక్కడే ఆట నేర్చుకుంటున్న, ఆఫీసరైన ఆయన కూతురు మాట్లాడుతోంది.

"బాపూ, క్లబ్బు సెక్రెటరీ సారు నిన్ను మస్తు మెచ్చుకున్నడు."

"నన్నెందుకు?"

"ఈ బంతి గుంత జెండా కాడికి రాంగనే చెప్పులిడుస్తవు గద. గడ్డి మీద గంత ప్రేమ ఎవలకు లేదంటుండు. నడిచేటోళ్లందరు నీ లెక్కనే ఇడువాలెనని ఇక్కడ బోర్డు పెడ్తడట."

"గడ్డి కోసం కాదు బిడ్డ."

"మరి?"

"ఈ జాగలనే మేం బొగ్గుబాయిలకు దిగేటిది. బొగ్గు ఒడిసినంక మట్టి పోసి మూసిన్రు. చాన ఏండ్లకు గడ్డి పెంచి ఆటకు పెట్టిన్రు."

"అయితే చెప్పులిడుసుడెందుకు?"

"బూట్లు తొడుక్కొని దిగేటోళ్లం. చెప్పులు ఈడనే పెడ్తుంటిమి. షిఫ్టు అయినంక ఎవలయి వాళ్లు ఏసుకొని ఇంటికి పోతుంటిమి."

"ఊ."

"ఒకనాడు లోపల పైకప్పు కూలింది. బయటపడ్డోళ్లం చెప్పులేసుకున్నం. ఒక్క జత అట్లనే ఉన్నది."

"ఎవలయి?"

"మా అన్నవి, మీ పెద్దబాపువి."

ఆమె జెండా వైపు తిరిగింది.

"ఫొటోల ఉన్న పెద్దబాపా? ఇక్కడనా? నాకెన్నడు చెప్పకపోతివి."

"నువ్వు సంబురంగ ఆడుకుంటున్నవు. ఎందుకు చెప్పాలె?"

"ఇయ్యాల్నే సారుకు అసలు సంగతి చెప్త. ఆ బోర్డు వద్దంట."

"వద్దనకు. పెట్టనియ్యి."

"గడ్డి కోసమనే రాస్తరు బాపూ."

"రాసుకోనియ్యి బిడ్డ. చెప్పులైతే ఇడుస్తరు గద."