వెనక హుక్కుల గౌను

“ఏమిటమ్మా ఇది? ఈ లాగూ చొక్కా వేసుకునా పుట్టినరోజు పార్టీకి వెళ్ళేది?”

“ఏం, బాగానే ఉన్నాయిగా వదినా. ఉతికి ఇస్త్రీ చేసినవే.”

మంచం మీద ఒక పక్క మెత్తని నూలు లాగూ, చొక్కా. ఇంకో పక్క ఆడపడుచు తన కుట్టు దుకాణం నుంచి అప్పుడే తెచ్చిన గులాబీరంగు గౌను. పిల్ల స్నేహితురాలి ఇంట్లో పార్టీ నాలుగింటికి. మూడున్నర దాటినా ఐదేళ్ళ పిచిక స్నానాలగదిలో గడియ పెట్టుకుని కూర్చుంది. పిల్లకి తల్లి పోయాక, రెండో భార్యగా ఆమె ఈ ఇంటికొచ్చి ఇంకా ఎనిమిది నెలలే.

“బాగున్నాయా? పాల ప్యాకెట్టుకి పంపేటప్పుడు కూడా ఇంతకంటే మంచివి వేస్తారు. అక్కడ పిల్లలంతా మెరిసిపోతూ వస్తారు. మన పిచిక ఒక్కత్తీ నా అన్నవాళ్ళు లేనిదానిలా నిలబడాలా?”

“పెరట్లో ఇసక పోయించారట. జారుడుబల్ల కూడా తెప్పించారట. గెంతడానికి వెళ్తున్నారు వదినా, నిలబడ్డానికి కాదు.”

“నాకు చెప్పకు. ముప్ఫై ఏళ్ళుగా పిల్లల బట్టలు కుడుతున్నాను. సినిమాహాల్లో టికెట్లు చింపే చేతికి గుడ్డ విలువేం తెలుస్తుంది?”

“టికెట్లు చింపాను గానీ గుడ్డలు చింపలేదు లెండి.”

“చింపలేదు, తడిపావు! పోయినసారి గౌను సంగతి మర్చిపోయాననుకున్నావా? పార్టీ మధ్యలో దాని ఒళ్ళో జగ్గుడు నీళ్ళు ఒంపావట. కేకన్నా కొయ్యకముందే లాక్కొచ్చేశావట.”

“చెయ్యి జారింది.”

“చెయ్యి జారిందా?”

“జారిందన్నాగా.”

“అంతమందిలో ఎవరి చెయ్యీ జారలేదు, నీదే జారింది. అదీ నేను కుట్టిన గౌను మీదే జారింది.”

“టైమవుతోంది వదినా. ముందు దాన్ని బయటికి రానివ్వండి.”

“ఎందుకు రావట్లేదో అదీ చెప్పు. నేనొస్తున్నానంటే వీధి చివరిదాకా ఎదురొచ్చే పిల్ల! గౌను చూడగానే పారిపోయి గడియ పెట్టుకుంది. ఏం నూరిపోశావు దానికి?”

“నేనేమీ నూరిపొయ్యలేదు.”

“మరి?”

“దాన్నే అడగండి. కాదు... వద్దు. అడక్కండి.”

“అడగమంటావు, వద్దంటావు. ఏమిటి దాస్తున్నావు?”

“ఏమీ లేదు. ఆ గౌను నాకు నచ్చలేదు. చాలా?”

“అదీ! ఇన్నాళ్ళకి బయటపడ్డావు. వాళ్ళమ్మ పోయాక రెండేళ్ళు గుండెల మీద వేసుకుని పెంచాను. దానికి జ్వరమొస్తే దుకాణం మూసేసి పక్కన కూర్చున్నాను. నా చేతి కుట్టు దాని ఒంటి మీద కనపడితే నీకు కడుపుమంట.”

“అవును, మంటే. అలాగే అనుకోండి.”

“అనుకుని ఊరుకోను. తమ్ముణ్ణి రానీ. పిల్లని నాతో పంపించెయ్యమంటాను.”

“అడగండి. ఆయన పంపిస్తానంటే ఆపడానికి నేనెవర్ని?”

“చూశావా, ఎంత తేలిగ్గా వదిలేస్తున్నావో! అదే కన్నతల్లయితే...”

“వదినా! ఆ మాట మాత్రం వద్దు. పిల్ల వింటోంది.”

“విననీ. పిచికా, వింటున్నావా? వచ్చెయ్ బంగారం, అత్త వాళ్ళింటికి పోదాం.”

గడియ చప్పుడైంది. తలుపు బెత్తెడు తెరుచుకుంది.

“నేను రాను. పిన్నిని తిట్టకు అత్తా. పిన్ని చెయ్యి జారలేదు.”

“జారలేదా?”

“ఊహూఁ. కావాలనే పోసింది.”

“విన్నావా? విన్నావా? కావాలనే పోసిందట! పసిపిల్ల అబద్ధం చెబుతుందా?”

“పిచికా, వద్దమ్మా. మనం అనుకున్నాం కదా.”

“మరి నిన్ను తిడుతోందిగా! అత్తా, నేనప్పటికే తడిసిపోయాను.”

“తడవడమేమిటే?”

“ఒంటేలు వచ్చింది. లోపలి నిక్కరు గౌనుకే కలిపి కుట్టేశావుగా. వెనక హుక్కులు తీస్తేనే ఊడుతుంది. నాకు అందలేదు. పిన్ని కోసం పరిగెత్తాను, దారిలోనే అయిపోయింది. ఒకబ్బాయి అప్పుడే వేలు చూపిస్తున్నాడు. పిన్ని వచ్చి జగ్గు మొత్తం నా మీద ఒంపేసి, అయ్యో నా చెయ్యి జారిందని గట్టిగా అరిచింది. అందరూ పిన్నినే చూశారు.”

ఆడపడుచు మంచం మీది గౌను చేతిలోకి తీసుకుంది.

“అందరూ పిన్నినే తిట్టారు అత్తా. దీనికి కూడా నిక్కరు కలిపి కుట్టావా?”

“ఊఁ. తిరిగినప్పుడు గౌను లేచినా బాగుంటుందని...”

“హుక్కులెన్ని అత్తా?”

“ఏడు.”

“పోనివ్వండి వదినా, చిన్నపిల్ల. నువ్వు ఇలా రావే, చొక్కా తొడుగుతాను.”

“ఆగు. నాతో ఒక్క మాట చెబితే ఏం పోయేది నీకు? రెండు కుట్లు విప్పి ఇచ్చేదాన్నిగా. నా నోట ఇన్ని మాటలు పడుతూ కూర్చుంటావా?”

“చెప్పొద్దంది. అత్త అంత కష్టపడి కుట్టింది, తెలిస్తే బాధపడుతుందంది. సరేనని మాటిచ్చాను.”

“ఐదేళ్ళదానికా?”

“దానికే.”

“అయితే నాకు తెలియకుండా దాచుకునే మాటలు మీ ఇద్దరికీ ఉన్నాయన్నమాట. ఇంక నేను తమ్ముణ్ణి అడగడానికేముంది?”