బొంతలో మరిచిన సూది

సుంకులమ్మ రైక హుక్కు ఊడిందంట. పొద్దున్నే కసువు చిమ్మి, హుక్కు కుట్టుకుందామని గోడకుండే క్యాలెండర్ కాడికి పోయింది. మన ఇండ్లల్లో మాదిరే ఆమె గూడా సూది దానికే గుచ్చుతాది. చూస్తే దారం కండె ఉండాది, సూది లేదు. కింద తడిమింది, చాప దులిపింది, మొగుడు పండుకున్న పక్క గూడా లాగి దులిపింది. ఏందే పొద్దున్నే నీ రగడ అని ఆయన కసిరె. అప్పుడు గుర్తొచ్చిందంట ఆమెకు. ఏమైందంటే, బొంతకు పాత చీరలు పొరలు పొరలుగా పరుస్తారు గదా, అవి జరక్కుండా ఉండాలని నడుమ ఆ సూది గుచ్చిపెట్టింది. పైన ఇంగో చీర పరిచి, పెద్దసూదితో కుట్టుకుంటా పోయింది. నడుమ గుచ్చింది తీయడం మరిచింది. ఆ బొంత నిన్ననే పోయింది, దాని మీద పసిబిడ్డ పండుకోనుంది.

ఎవురి బిడ్డ అంటారా? కుళ్ళాయమ్మ మనవరాలు. కుళ్ళాయమ్మ, సుంకులమ్మ పావడాలు కట్టినప్పట్నుంచి జత. ఒకరు కలుపుకు పోతే ఇంగొకరు ఇంట్లో ఉండరు. కుళ్ళాయమ్మ కూతురు గంగకు తొలిచూలు బిడ్డ పేరన్నా పెట్టకముందే పోయె. పాపం, ఆ పిల్ల ఎంత ఏడ్చిందో. ఎవురో చేతబడి చేసినారని గంగ అత్త మనసులో పడిపోయింది, ఆపొద్దు నుంచి దిండ్లు చించి చూస్తాది, పొయ్యి కింద తవ్వి చూస్తాది. మల్లా ఆడబిడ్డ పుట్టె. మూడోనెల్లో బిడ్డను అత్తింటికి తోలతాంటే, తన చీరలు సగం, కుళ్ళాయమ్మ చీరలు సగం కలిపి సుంకులమ్మ బొంత కుట్టింది. బిడ్డకు ఇద్దరవ్వల ఒడి అనుకో. గంగ భయం పోయి కంటినిండా నిద్రపోవల్లని కుట్టింది, అంతే.

ఇప్పుడేం చేయల్ల? బిడ్డకిచ్చిన బొంత మల్లా అడిగితే బిడ్డ ఆయుస్సు అడిగినట్టే అంటారు మన పక్క. సూది ఉండాదని చెప్తే చేతబడి అంటాది ఆ అత్త. చెప్పకుంటే బిడ్డకు గుచ్చుకుంటాది. ఏదో అబద్ధం చెప్పొచ్చు గదా అంటాండావా నువ్వు? ఏం చెప్తావో చెప్పు, వింటాం. చెప్పలేవు గదా, గమ్మునుండు మరి. సుంకులమ్మ ఊడిన హుక్కు మీదనే కొంగు కప్పుకోని, గుట్ట దాటి గంగ అత్తగారి ఊరికి పరిగెత్తింది. దోవ పొడుగునా దేవుడా ఆ పక్కకు పొర్లనీయద్దు, దేవుడా ఆ పక్కకు పొర్లనీయద్దు అనుకుంటానే పోయింది.

పోయేతలికి బిడ్డ గుక్కపట్టి ఏడుస్తాంది. బిడ్డను దిగబెట్టను వచ్చిన కుళ్ళాయమ్మ అక్కడే ఉంది, ఏందే ఇట్లొచ్చినావ్ అనింది. సుంకులమ్మ బిడ్డను లటుక్కున ఎత్తి గంగ చేతిలో పెట్టి, బొంతలో సూది ఉండాది, నేనే మరిచిపోయినా, అని ఒక్కమాటలో చెప్పేసింది. గంగ బిడ్డ ఒళ్ళంతా తడిమి చూసింది. గాటు లేదు. ఆకలికి ఏడ్చిందంతే, రొమ్మిస్తే ఊరుకునె. గంగ అత్త మాత్రం ఊరుకుంటుందా? కొడవలి తెచ్చి బొంతను పర్రున చీల్చింది. సూది బయటపడె. పడితే పడె, దాని తోకకు ఎర్రదారం. సుంకులమ్మ ఎర్రచీర కుట్టిన దారం అది. చేతబడికి కట్టేది ఎర్రదారమే అంటారు, ఇంగ ఎవురు నమ్ముతారు?

నా మనవణ్ణి తిన్నదెవురో ఇన్నాళ్ళకు తెలిసె అనింది అత్త. కుళ్ళాయమ్మ పక్కకు తిరిగి, ఇది కుట్టింది, నువ్వు మోసుకొచ్చినావ్, బిడ్డను ఈడ పెట్టి తల్లీకూతుళ్ళు దోవ పట్టండి అనింది. ఇరుగూ పొరుగూ వాకిట్లో చేరిరి. గంగ బిడ్డను కరుచుకోని గోడవారకు జరిగింది. సుంకులమ్మ కాళ్ళ మీద పడింది, నన్ను కొట్టు వదినా, చంపు, వాళ్ళకేం తెలీదు అని. ఆమె ప్రాణం పోయినంత పనైందంట, సూదికి గాదు, కుళ్ళాయమ్మ తన మొగం చూడకుండా నిలబడిందని.

కుళ్ళాయమ్మ ఏం చేసిందనుకున్నారు? వంగి ఆ సూది తీసుకునింది. ఎర్రదారం పళ్ళతో కొరికి ఊసింది. మెడలో పసుపుతాడు బయటికి లాగి, పిన్నీసులు పెట్టుకునే కాడ, ఆ సూది గుచ్చుకునింది. "ఇది మందు పెట్టిన సూదైతే నా తాడే తెగనీ వదినా. నా మొగుడు మా ఊర్లోనే ఉండాడు. రోజూ కబురు పెట్టి తెలుసుకో" అనింది.

ఎంతటి అత్తైనా ఆడదే గదా, ఆ తాడు చూసినాక వెనక్కి తగ్గింది. కొడవలి కింద పెట్టింది. కుళ్ళాయమ్మ చీలిన బొంత ఒళ్ళోకి లాక్కోని, "ఏడ్చింది చాల్లే, ఆ కొస పట్టుకోవే" అనింది సుంకులమ్మతో. దారం కావల్లంటే, గంగ అత్తే లోపలికి పోయి తెచ్చిచ్చె. ఆ బిడ్డ ఆ బొంత మీదనే పెరిగింది, ఇప్పుడు బడికి పోతాంది.

సూది ఇంగా కుళ్ళాయమ్మ తాడుకే ఉండాది. కాల్లో ముల్లు దిగితే అందరం ఆమె కాడికే పోతాం గదా, చూసింటారు. ఒకటే, ఆపొద్దు ఆమె మొగుడి పానమే పందెం కట్టిందని ఆ మొగుడు ఈరన్నకు ఇన్నాళ్ళూ ఎవురూ చెప్పలే. అదో, ఆ మూల అరుగు మీద కూచోని వింటాండాడు. ఏం మామా, బీడీ ఆరిపోయింది, చూసుకోలేదా?