బ్యాంకాక్‌లో నెల్లూరు పరువు

మేత కంపెనీ వాళ్ళు రొయ్యల రైతుల్ని బ్యాంకాక్ తీసుకొచ్చారు. హోటల్లో నెల్లూరు దగ్గరి కోట నుంచి వచ్చిన మొగుడూ పెళ్ళాం ఒక బల్ల దగ్గర, భీమవరం రైతులు పక్క బల్ల దగ్గర కూర్చున్నారు.

“చారులో కారం ఎంత వెయ్యాలని ఆ వడ్డించే పిల్ల అడిగితే అయిదు వేళ్ళూ ఎందుకు చూపించినావయ్యా?”

“భీమవరమోళ్ళు రెండు చూపించినారు మే. నెల్లూరోణ్ణి, నేను మూడు చూపిస్తే ఏం బాగుంటాది?”

“ముక్కు కారతా ఉంది, తుడుచుకో.”

“తుడిస్తే వాళ్ళు చూస్తారు.”

“కళ్ళనీళ్ళు చూస్తానే ఉండారు. ఎందుకు ఏడస్తుండాడని ఆ మీసాలాయన అడుగుతుండాడు.”

“పొద్దున గుళ్ళో బుద్ధుణ్ణి చూసి మనసు కరిగిపోయిందని చెప్పు.”

“చెప్పినా. హాయిగా పడుకోని ఉండే బుద్ధుణ్ణి చూసి ఏడవడమేందని నవ్వుతుండారు.”

“నాకు కళ్ళు కనపడటంలా. గిన్నెలో చారు ఇంకా ఎంతుంది?”

“సగం. వదిలెయ్యి. నైట్ మార్కెట్‌కి పోయి చల్లగా కొబ్బరినీళ్ళు తాగుదువు.”

“వదిలేస్తే రొయ్యల రైతుల వాట్సాప్ గ్రూపులో పెడతారు. ఇదో, మొత్తం తాగేసినా. చూసినారా వాళ్ళు?”

“చూసినారు. తెగ మెచ్చుకుని, నీకు ఇంకో గిన్నె చెప్పినారు. అదో, తెస్తా ఉంది.”