చిన్నప్పటి పేరు

“పాత సిస్టం చెరిపేశావు, దాంతో వాడి గొంతు కూడా పోయిందేమోనే, కోడలా!”

నరీన్ పట్టణంలోని ఆ ఇంట్లో, చనిపోయిన కొడుకు సొంతంగా అమర్చుకున్న స్టోరేజ్ సర్వర్ ముందు కూర్చుని అత్త చేతులు నులుముకుంటోంది.

“డిస్కులు నేను ముట్టుకోలేదత్తయ్యా. ఆయన పాడిన వీడియోలన్నీ వాటిలోనే ఉన్నాయి. మార్చింది సిస్టం ఒక్కటే.”

“మరి తెరుచుకోదేం?”

“డిస్కులు తెరవడానికి ఆయన పెట్టిన పాస్‌వర్డే కొత్త సిస్టం కూడా అడుగుతోంది. ‘చిన్నప్పుడు అమ్మ పిలిచిన పేరు’ అని కాగితం మీద రాసిపెట్టారు. ఆయన పేరు కొట్టాను, కాదంది.”

“అది బడిలో పేరే.”

“మీరేమని పిలిచేవారు?”

అత్త పొయ్యి వైపు తిరిగింది. పొయ్యి మీద టీ మరిగి మరిగి ఇంకిపోయింది. కోడలు రెట్టించలేదు.

“కుచుక్,” అంది అత్త చివరికి. “అంటే కుక్కపిల్ల. ముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదు. కుక్కపిల్ల అని పిలిస్తే చావు చూసి కూడా వదిలేస్తుందనుకున్నానమ్మా.”