ఎనిమిది అనని ఇల్లు

రాజుబాయి ఎవలా? గట్లడుగుతవేందిరా సుధాకరూ, చిన్నప్పుడు నీకు పోలియో చుక్కలేసింది ఆమెనే గద. కూసో, జర కూసో. లోపల నీ పెండ్లాన్ని సూస్తున్నరు, నువ్వు గిట్ల లేసి తిరిగితే ప్రగతి నొప్పులు తగ్గుతయా? నాకూ నిమ్మలంగ లేదు. ఈ అహేరి దవాఖాన బల్ల మీద కూసున్నకాడికెల్లి ఆమెనే యాదికొస్తున్నది. మన ఊరి సిస్టరమ్మ, చంద్రపూర్ దిక్కు మనిషి. సగం తెలుగు, సగం మరాఠీ. వానకాలం చెప్పులు చేతిల వట్టుకొని వాగు దాటి వస్తుండె. చాయ ఇస్తే సగమే తాగుతుండె, ఎందుకో మరి. కాలం జేసి పదేండ్లాయె.

నువ్వు ఐదో తరగతిల ఉన్నప్పుడు మీ అమ్మ భాగ్యకు మల్ల కడుపు నిలిచింది, యాదున్నదా? ఏటపల్లి తల్లిగారింటికెల్లి వచ్చిన వారానికే నొప్పులు. దవాఖాన కార్డు ఆడ్నే మర్సి వచ్చింది. వాగు నిండుగ పారుతుండె, ఎటు పోదామన్నా తొవ్వ లేదు. రాజుబాయి ఉరికొచ్చింది. "ఆజీ, కితవా మహినా? అవ్వా, ఎన్నో నెల?" అన్నది. తొమ్మిది పడ్డదన్న. మనింట్ల ఎనిమిదో నెలను నోట్లకెల్లి తియ్యరు గద, ఏడు దాటితే సక్కగ తొమ్మిదే అంటరు. ఎనిమిదంటే బిడ్డ నిలవదని మా అత్త నాకు నేర్పింది, నేను మీ అమ్మకు నేర్పిన. రాజుబాయి కడుపు మీద చెయ్యివెట్టి, "చిన్నగుంది ఆజీ, నక్కీ, పక్కా తొమ్మిదేనా?" అన్నది. "మా ఇంట్ల అందరికీ గింతే" అన్న, కోపంగనే అన్న. తెల్లారి ఆడపిల్ల పుట్టింది, పిడికెడంత. ఊపిరి తీస్తే పక్కటెముకలు లోపలికి పోతుండె. మాపటికి పోయింది బిడ్డ.

మీ నాయిన సోము ఆమె మీదికి పోయిండు. "నీకేం తెల్వది, నువ్వే సంపినవ్" అన్నడు. తలకాయ దించుకొని నిలవడ్డది. బిడ్డను సూసినంక నెలలు నిండలేదని ఆమెకు సమజైంది గద! ఇంటెనుకకు నన్నొక్కదాన్నే పిలిచి బ్యాగు ఇప్పి సూపిచ్చింది. "ఆజీ, నెలలు తక్కువని చెప్తే ఈ సూదులు తల్లికేస్తుంటి. కడుపుల బిడ్డ ఊపిరితిత్తులు జర గట్టివడుతయి. బతికేదో లేదో దేవునికెరుక, గని ఏస్తుంటి" అన్నది. ఎవ్వలకు చెప్పలే ఆమె. నేనూ చెప్పలే. ఊరంత ఆమెను కాన్పులకు పిలుసుడు బంద్ వెట్టినా నేను నోరు తెరవలే. బదిలీ చేయించుకొని పోయింది, ఆడ్నే జ్వరమొచ్చి పోయిందట. సిగ్గయితది బిడ్డా నాకు, శానా సిగ్గయితది.

లేవకు, ఇను. ఇందాక నువ్వు చిట్టీ రాయించవోయినవ్ సూడు, గప్పుడు ఈడి సిస్టర్ వచ్చి ఎన్నో నెల అని నన్నడిగింది. ప్రగతి పండ్లు కర్సుకొని ఉన్నది, నోరిప్పలే. నా నోట్లకెల్లి... తొమ్మిదనే వచ్చిందిరా. అలవాటున వచ్చేసింది. నన్నేం జూస్తున్నవ్? లే! నిన్ననే ఎనిమిది పడ్డదని చెప్పు, ముసల్ది అబద్ధమాడిందని చెప్పు. ఉరుకు, ఉరుకు బిడ్డా!