మొత్తుకోని అలారం

నువ్వు పడిపోయింది కార్తీక సోమవారం, పగటీలి పదకొండున్నరకు. గదైనా గుర్తుంచుకో అక్రమ్! మల్ల షురూ జేసినవ్, "నేనే గ్యాస్ పైపు నట్టు బిగియ్యలే" అని. ఎవరు చెప్పిండ్రు నీకు? కాలేజోళ్లు. నీకు గుర్తున్నదా? లేదు గదా. మరి లేనిదాన్ని నెత్తికెందుకు ఎత్తుకుంటవ్ బిడ్డా?

ఎవరంటవా? మంగవ్వను. నీతోని ల్యాబ్‌ల పనిజేసుకుంట చదివే వినోద లేదూ, దాని తల్లిని. మొన్న గూడ వచ్చిన. పోనీ తియ్. ఆ గాలి పీల్చినంక నీకు ఏ మాటా నిలుస్తలేదని డాక్టరే చెప్పిండు.

మా ఇంట్ల మీ పని ముచ్చటే ఉండేది. "అమ్మా, హైడ్రోజన్‌తోని కరెంటు తీస్తున్నమే. హైడ్రోజన్ ప్లాటినం మీద కూసోవాలె. కార్బన్ మోనాక్సైడ్ జరంత కలిసినా సరే, అదే ముందుగాల వచ్చి కూసుంటది, లేపితె లేవదు. కరెంటు పడిపోతది. నేను, అక్రమ్ టంగ్‌స్టన్ కార్బైడ్ కలిపి చూస్తున్నం, గా విషాన్ని తట్టుకుంటదేమోనని" అనేది వినోద. "గట్లయితె అది మా ఆడిబిడ్డ అసొంటిదే" అన్న నేను. నువ్వు ఇని పడి పడి నవ్వినవట.

తట్టుకున్నది గూడ. గా సోమవారం విషం కలిపి పంపినా కరెంటు దిగలేదట. సార్‌కు చెప్పొస్తనని వినోద ఉరికింది. నువ్వేమో సంబురంగ ఆ అంకెలు చూసుకుంట ఆడనే కూసున్నవ్. పైపు ఎక్కడనో కారింది. ఆ విషపు గాలికి వాసన లేదు, రంగు లేదు. వినోద మల్ల వచ్చేసరికి కింద పడి ఉన్నవ్.

నేనా? నేను సిద్ధుల గుట్ట మీద శివయ్యకు దీపం ముట్టిస్తున్న.

గ్యాస్ కారితె మొత్తుకునే అలారం గోడకు ఉండె గదా అంటవ్. ఉండె. ఎంక్వయిరీకి వచ్చినోళ్లు జరంత గ్యాస్ చూపెట్టిండ్రు. మొత్తుకున్నది, కాలేజంత ఇనవడేటట్టు! అంటే డబ్బ మంచిగనే ఉన్నది, అక్రమే నట్టు బిగియ్యలే, మొత్తుకున్నా పట్టించుకోలే అన్నరు. నీ కొలువు వాయె. నీ పెండ్లాం రుక్సార్ మార్కెట్ల పసుపు కొమ్ములు ఏరవోతున్నది.

వచ్చినవా రుక్సార్? ఆ చాయ్ కింద పెట్టి కూసో బిడ్డా. మల్ల లోపటికి పోకు. ఇన్ని దినాలు నువ్వు వంటింట్లకు పోయినంకనే ఈ ముచ్చట నీ పెనిమిటికి చెప్పిన. ఎందుకో ఎరుకేనా? మర్చిపోతడని. దేవుని ముందట చెప్పుకున్నట్టు చెప్పుకొని, బరువు దిగిందని ఇంటికి పోయి అన్నం తిన్న. ఇయ్యాల నువ్వు గూడ ఇను.

దసరా ముంగట ల్యాబ్‌ల ఆయుధపూజ జేసినం. మా చేన్ల పండిన పసుపు నేనే మెత్తగ తడిపి తీస్కపోయిన. మిషిన్లన్నిటికి బొట్టు పెట్టిన. గోడ మీద చిన్న డబ్బ ఉన్నది, ముందర సన్నటి తీగల జాలి. "అందరిని కాపాడేది అదేనమ్మా" అన్నవ్ అక్రమ్. మరి కాపాడేదానికి ఎక్కువ పెట్టాలె గదా? జాలి నిండ మెత్తిన. నేను పడకుండ స్టూలు పట్టుకున్నది నువ్వే.

అది ఆరి పెంకు కట్టింది, డబ్బలకు గాలి పోకుండ. పండుగ బొట్టును ఎవరు తుడుస్తరు?

వినోదకు చెప్పకుండ వచ్చిన. ఇది బయటవడితె దాని చదువు పోతది. పోనియ్.

తెల్లారి మంగళవారం, నువ్వు దవాఖానల ఇంకా కండ్లు తెరవకముందే, తల్లీబిడ్డలం ల్యాబ్‌కు పోయినం. ఎంక్వయిరోళ్లు రాలే అప్పటికి. వినోద ఏడ్సుకుంట స్టూలెక్కింది. సూదితోని జాలి గుచ్చి గుచ్చి తీసింది, తడిగుడ్డతోని తుడిచింది. స్టూలు నేను పట్టుకున్న. ఇంటికొచ్చి ఆ గుడ్డ ఉతికి దండెం మీద ఏసినం.

పసుపు పోలే. ఇగో ఆ గుడ్డ, తీస్కో రుక్సార్. కాలేజోళ్లకు చూపెట్టు.